ఏ చెట్టుది ఎంత

శాలిగౌరారం తొవ్వల మా మండువ.
పొద్దు పొడవక ముందే కమ్మల పందిరి కింద ఆరు లొట్లు.
సైదులు బావ మోకు భుజం మీదికెల్లి దించి
ఒక్కోదాని పేరు చెప్తడు:
"ఇది గట్టుమీది పోత్తాడు.
ఇవి చౌటచెలక ఈదులు, మూడు చెట్లయి.
ఇది వంకరది, పరుపుతాడు.
రాత్రి ఉడుత మూతివెట్టింది, ఏమనుకోకు చిన్నమ్మా."

ఈదమ్మ చిన్నమ్మ మాట్లాడదు.
కొంగు నడుముకు చెక్కి
గుల్ల మీద పాతచీర గుడ్డ పరుస్తది.
ఈగలు, పూత రజను, ఒక ఎర్రచీమ
గుడ్డ మీదనే ఆగుతయ్.
కల్లు మాత్రం చెట్టు పేరు మర్చిపోయి
కిందికి జారుతది.

తాగెటోళ్లకు ఇదంత తెల్వదు.
చెట్టుకెల్లి సీదా తమ రేకలకే ఒంపినట్టు అనుకుంటరు.
పోత్తాడు ఒక్కటే పోస్తే
తీపి నాలుక మీద కూలవడి లేవదు.
ఈత ఒక్కటే అయితే పలుసన,
పొద్దెక్కెసరికి తిట్ల పురాణం ఎత్తుకుంటది.
పరుపుతాడు చిక్కన, జర వగరు,
కొత్తకోడలు లెక్క ఎవ్వలితోని కలవదు.
ముగ్గురిని ఒక్క కుండల కూసోవెట్టాలె.
అది చిన్నమ్మ పని. ముప్పై ఏండ్ల సంది.

ఒకసారి లూనా మీద ఒకాయన వచ్చి
తెల్లపొడి పొట్లం చేతుల వెట్టిండు.
"చిటికెడు చాలు, వంద లొట్లు ఒక్క తీరుగుంటయ్."
చిన్నమ్మ పొట్లం ఇప్పి కోడి ముంగట వెట్టింది.
కోడి ఒకసారి మెడ వంచి చూసి పోయింది.
"దానికే అక్కర్లేదంట," అన్నది.

పోయిన నెల జరమొచ్చింది.
జరం పోయింది గని, వాసన తిరిగి రాలే.
మూడుదినాలు ఎవ్వలికీ చెప్పలే.
అలవాటు చేయితోనే కలిపింది.
నాలుగోనాడు జానయ్య తాత రేక నోటికాడ ఆపి
"ఇయ్యాల కలిపిందెవ్వలే?" అన్నడు.
బోరునీళ్లు ఆయన మోకాళ్లను వంచినయ్,
నాలుకను వంచలే.

ఆ రాత్రి నా చేయి పట్టుకుంది.
"పుస్తకం మూయి. నీ ముక్కు నాకియ్యి."

నల్లగొండల డిగ్రీ నాది, కెమిస్ట్రీ.
పులవడుడు అంటే ఏందో బోర్డు మీద రాసి చూపెట్టగల్ల.
లొట్టి మీదికి వంగిన.
"పుల్లగుంది చిన్నమ్మా."
"పుల్లగ అంటే?
చింతచిగురా, గోంగూరా, పాసిపోయిన గట్కనా?"

చెప్పలేకపోయిన.
మళ్ల వంగిన. మళ్ల.
తెల్లారి రెండోసారి గట్క అన్న.
మూడోనాడు నానవోసిన పెసలు అన్న,
కొత్తకుండల మొదటి నీళ్లు అన్న.
వంకరదాంట్ల ఏందో వెచ్చగ, పసిపిల్ల మాడు లెక్క,
అది అనడానికి సిగ్గయింది, అయినా అన్న.
చిన్నమ్మ తలూపింది.

తను మాత్రం చెవి కుండకు ఆనించి ఇంటది.
నురుగు లోపల చిటచిటమంటది.
"ఇది ఇంక గునుస్తున్నది. ఆగనియ్యి.
ఇది అరిచి అలిసింది, ముందుగాల పొయ్యి."
ముంత నా చేతిల. లెక్క ఆమె నోట్ల.
"పోత్తాడు రెండు. ఈత ఒకటి.
వంకరది అర... అర అంటే అర కాదే పిల్లా,
అరకు జర తక్కువ."

ఎల్లమ్మకు సాక పోసినం. నేల గుటుక్కున తాగింది.
జానయ్య తాత మోదుగాకు చెట్టు కింద కూసున్నడు.
రేక పట్టిండు. తాగిండు.
మీసం తుడ్సుకున్నడు. ఏమనలే.
రేక మళ్ల చాపిండు.
చిన్నమ్మ నా దిక్కు చూడలే,
ఈగలు తోలుకుంట కూసున్నది.

తొమ్మిది గొట్టంగ నల్లగొండ బస్సెక్కిన.
పక్కసీటామె ముక్కుకు పైట అడ్డం పెట్టుకొని
కిటికీ దిక్కు జరిగింది.
నేను చేయి ముక్కుకాడికి తెచ్చుకున్న.
గట్టుమీది పోత్తాడు, అది తెలుస్తున్నది.
ఈత, గోరు సందుల.
ఇంకోటేందో ఉన్నది, పేరు అందుతలేదు.
మాపటికి పోయి అడగాలె.